సవరణ: జాన్స్‌టౌన్ చీఫ్స్ మూతపడలేదు, ఊరు మారింది

ఉత్తర అమెరికాలోని ఈసీహెచ్ఎల్ అనే చిన్న ఐస్ హాకీ లీగ్ గురించి మొన్న రాసిన పోస్టులో, 1988లో లీగ్‌ను మొదలుపెట్టిన 5 జట్లలో ఈరోజు ఒక్కటీ మిగల్లేదని, జాన్స్‌టౌన్ చీఫ్స్ 2010లో మూతపడిందని రాశాను. రెండూ తప్పే, క్షమించండి.

చీఫ్స్ 2010లో పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్ వదిలి సౌత్ కరోలినాలోని గ్రీన్‌విల్‌కి వెళ్లి రోడ్ వారియర్స్ అయింది, 2015 నుంచి స్వాంప్ రాబిట్స్ పేరుతో ఆడుతోంది. మొదటి అయిదింటిలో సొంత ఊరిని అందరికంటే చివరగా వదిలింది ఇదే, జాన్స్‌టౌన్‌లో 22 సీజన్లు ఆడింది, అలాంటి జట్టును మూతపడిందని ఒక్క ముక్కలో తేల్చేయడం నాకే బాధగా ఉంది.

ఆ అయిదింటిలో ఇంకోటైన కరోలినా థండర్‌బర్డ్స్ కథ కూడా అంతే. విన్‌స్టన్-సేలమ్ నుంచి 1992లో వెస్ట్ వర్జీనియాలోని వీలింగ్‌కి మారింది, 1996లో నెయిలర్స్ అయింది, ఇప్పటికీ అక్కడే ఉంది.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నేను జట్ల పేర్లు మాత్రమే చూశాను. చిన్న లీగుల్లో పేరు పోయినా ఫ్రాంచైజీ ఇంకో ఊళ్లో బతికే ఉండొచ్చు.

ఇంకోటి, 1977లో జాన్స్‌టౌన్‌కి వచ్చిన వరద తర్వాత ఆగిపోయిన జాన్స్‌టౌన్ జెట్స్ వేరే హాకీ జట్టు, చీఫ్స్‌తో కలపొద్దు. పాత పోస్టు కూడా సరిచేశాను.