ట్రాలీ లోడు లెక్క

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు వచ్చే ట్రాక్టర్ ట్రాలీల గురించి ఒక వ్యాసంలో 'ఐదు టన్నుల ట్రాలీలో ఐదు టన్నులు వేయొచ్చు' అన్నారు. అది తప్పు. ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) ఉండే స్థూల బరువులో ఖాళీ ట్రాలీ బరువు కూడా కలిసే ఉంటుంది. స్థూల బరువు 5,000 కిలోలు, ఖాళీ బరువు 1,500 అనుకుంటే సరుకుకు మిగిలేది 3,500. అంటే 40 కిలోల వడ్ల బస్తాలు 87. తడి వడ్లయితే అందాజా పనికిరాదు, ధర్మకాంటా (వేబ్రిడ్జి) మీద తూయించాల్సిందే.

రెండు చక్రాల ట్రాలీలో బరువు ఎక్కడ పడుతుందన్నది ఇంకా ముఖ్యం. వెనక ఎక్కువైతే హిచ్ (ట్రాలీని ట్రాక్టర్‌కు తగిలించే చోటు) పైకి లేస్తుంది, ట్రాక్టర్ పెద్ద టైర్లకు పట్టు పోతుంది, ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది. మరీ ముందుకు వేస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలి స్టీరింగ్ మాట వినదు. ఇరుసు మీద నింపి, కాస్త ముందుకు మొగ్గేలా సర్దాలి. పత్తికి తూకం కన్నా ఎత్తే ప్రమాదం, మలుపులో పక్కకు పడేస్తుంది.

ఇంకోటి, చాలామంది పట్టించుకోనిది: ట్రాక్టర్‌కు ఒక్కో పక్క చక్రానికి ఒక్కోటిగా ఉండి, దుక్కిలో విడగొట్టిన రెండు బ్రేక్ పెడళ్లను రోడ్డెక్కే ముందు కొక్కెంతో కలపాలి. లేకుంటే ఒక్క పక్క చక్రమే ఆగి బండి తిరగబడొచ్చు.