ఎర్ర ఫెరారీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ 1961 మోడల్ ఎర్ర ఫెరారీ గారికి,

నమస్కారములు. నిన్న షికాగో పక్కన నేపర్‌విల్‌లో మా బావ ఇంట్లో మీ మూలంగా ఒక శనివారం మధ్యాహ్నం, ఒక గిన్నెడు బిర్యానీ పాడయ్యాయి. టీవీలో తమరు నటించిన హాలీవుడ్ సినిమా ‘ఫెరిస్ బ్యూలర్స్ డే ఆఫ్’ నడుస్తోంది. మా మేనల్లుడు ఊరుకోక, "హీరో నల్లజాతి కుర్రాడైతే?" అన్నాడు. "సహజంగా ఉండదురా" అని బావ తేల్చేశాడు. తమిళ రీమేకులు చూస్తూ పెరిగిన మనిషి! భాష మారినా, ఊరు మారినా ఆడుతుందట, రంగు మారితే ఆడదట.

సహజమంటే గుర్తొచ్చింది. 1986 నాటి ఆ సినిమాలో షికాగో రోడ్ల మీద పరుగెత్తింది కారే గాని, అసలు ఫెరారీ మాత్రం తమరు కానే కారు. ఫైబర్‌గ్లాస్ నకలు. బావకు ఇన్నేళ్లూ అనుమానమే రాలేదు.

హీరో ఫెరిస్ అనే తెల్లకుర్రాడు బడికి ఒంట్లో బాగాలేదని చెప్పి, స్నేహితుడి తండ్రి కారు తీయించి, పెద్ద హోటల్లో సాసేజీల వ్యాపారినని బొంకి, ఊరంతా తిరిగొచ్చి మంచమెక్కేస్తాడు. ఒక్క పోలీసూ "ఎవరిది బాబూ ఈ బండి?" అనడు. నల్లపిల్లాడైతే పదో నిమిషంలో ఆపేస్తారు, ఇక సినిమా ఎక్కడిది అని బావ లెక్క.

ఆ లెక్క ప్రకారం తీసిన సినిమా ఉంది బావా! ‘కూలీ హై’, 1975, అదే షికాగో. బడి ఎగ్గొట్టడమూ ఉంది, దొంగ కారులో షికారూ ఉంది. పోలీసులు పట్టుకున్నారు. ఆ కారు గొడవలోనే చివరికి హీరోల్లో ఒకడైన కొచీస్‌ను ఆ కారు దొంగిలించిన కుర్రాళ్లే కొట్టి చంపేశారు. 1990లో ‘హౌస్ పార్టీ’ వచ్చింది, అదీ నల్లపిల్లల సినిమాయే, అందులో ఆ పిల్లలెవరూ చావరు, సంతోషం. కాని పోలీసులు మాత్రం అడుగడుగునా తగులుతూనే ఉంటారు. (ఫెరిస్ సినిమా దర్శకుడే తీసిన ‘బ్రేక్‌ఫస్ట్ క్లబ్’లో శనివారం బడిలో శిక్ష అనుభవించే ఐదుగురూ తెల్లపిల్లలే. శిక్షలో కూడా వాటా ఇవ్వలేదు.)

ఇక మర్యాద నా వల్ల కాదు. ఏం, ఆ నల్లపిల్లాడు ఒక్క రోజు నిన్ను తోలుకుని, ఏ బిల్లూ కట్టకుండా ఇంటికి చేరితే నీ సొమ్మేం పోయింది? నాకు కావలసిన రీమేక్ అదే. వాడు తిరగాలి, అబద్ధాలాడాలి, హాయిగా పడుకోవాలి. వాడికి ఏమీ కాకూడదు.

పార్కింగ్ వాళ్లిద్దరు నిన్ను ఎత్తుకెళ్లి గాల్లోకి ఎగరేశారే, గుర్తుందా? పక్క సీట్లో ఉన్నది నల్లజాతివాడే. ఆ పాత్రకు పేరు కూడా పెట్టలేదు. "అతన్ని ఒక్క సీటు ఎడమకు జరపండి, చాలు" అన్నాను.

బావ బిర్యానీ వేడి చేసుకొస్తానని లేచి వెళ్లాడు.

ఇట్లు,
చల్లారిన బిర్యానీ తిన్నవాడు