అందరికీ అర్థమైపోతే ఎలా?

ఇంట్లో లైట్లూ తాళాలూ ఫోన్ నుంచే నడిపించే సాఫ్ట్‌వేర్లలోని సాంకేతిక సమాచారాన్ని మామూలు జనానికి అర్థమయ్యేలా రాయాలని కొందరు గొడవ మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. పర్యవసానాల సంగతి ఎవరైనా ఆలోచించారా?

గోడ మీది స్విచ్చినే చూడండి. ఏ దాపరికమూ లేకుండా తన సంగతంతా పసిపిల్లలకి కూడా చెప్పేసింది. అందుకే దానికి ఇంట్లో విలువ లేదు. అదే హోమ్ అసిస్టెంట్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉన్నచోట లైటు వెలగలేదనుకోండి, కుటుంబమంతా ఒకచోట చేరుతుంది. తెర మీద 'అన్‌అవైలబుల్' అని ఉంటుంది. వైఫై పడిపోయిందా, బల్బులూ సెన్సర్లూ మాట్లాడుకునే జిగ్‌బీ అనే వైర్‌లెస్ సిగ్నల్ అందట్లేదా, ఎవరో గోడ దగ్గర స్విచ్చి కట్టేశారా? అన్నిటికీ అదే మాట. దాని పక్కనే 'అన్‌నోన్' ఉంటుంది. మొదటిదానికి అర్థం పరికరం దొరకట్లేదని. రెండోదానికి అర్థం, పరికరం ఉంది గానీ దాని పరిస్థితేమిటో ఇంకా తెలియలేదని. ఈ తేడా తెలియకుండానే జీవితాలు వెళ్లదీసినవాళ్లున్నారు, పాపం.

సెన్సర్ల వ్యవహారం ఇంకా లోతైనది. తలుపు సెన్సర్ 'ఆన్' అంటే తలుపు తెరిచి ఉందని. సరే, బాగానే ఉంది. తాళం సెన్సర్ 'ఆన్' అంటే తాళం పడలేదని. బ్యాటరీ సెన్సర్ 'ఆన్' అంటే బ్యాటరీ అయిపోవస్తోందని. భద్రత సెన్సర్ 'ఆన్' అయిందంటే ఇక భద్రత లేదని! తెర మీద మాత్రం 'లో', 'అన్‌సేఫ్' అని మనుషుల మాటలే కనిపిస్తాయి. ఆ చనువు కొద్దీ యామ్ల్ అనే ఫైల్ రాతలో ఆటోమేషన్ (ఏది జరిగితే ఏం చేయాలో చెప్పే సూచన) రాస్తూ అవే మాటలు వాడారో, ఆ ఆటోమేషన్ జన్మలో కదలదు. అక్కడ 'ఆన్' అనే రాయాలి, అదీ కొటేషన్ గుర్తుల మధ్య. గుర్తులు మరిచిపోతే యామ్ల్ దాన్ని 'ట్రూ' అని చదువుకుంటుంది. వరస జరపడానికి ఖాళీలకు బదులు ట్యాబ్ గుర్తు పెడితే అసలు చదవనే చదవదు. ఇంత క్రమశిక్షణ నేర్పే సాధనం ఇంకోటి ఉంటే చూపించండి.

సాఫ్ట్‌వేర్ తన లోపాలు రాసుకునే చిట్టా, అదే లాగ్, తెరిస్తే 'ఈవెంట్ లూప్ లోపల బ్లాకింగ్ కాల్' అంటుంది. ఏదో ఒక ఇంటిగ్రేషన్ (పరికరాన్ని సాఫ్ట్‌వేర్‌తో కలిపే ముక్క) తన పని అయ్యేదాకా మిగతావాటిని కదలనివ్వకుండా కూచుందని దాని భావం. ఎవరో ఫోన్ పట్టుకుని వదలట్లేదని ఇంట్లో పెద్దవాళ్లు అనుకుంటే, అది వాళ్ల పరిజ్ఞాన లోపమే. సిగ్నల్ బలం మైనస్ 90 కన్నా మైనస్ 60 మెరుగని తెలియకపోవడం కూడా అంతే.

ఇలాంటి ప్రతి ఇంట్లోనూ ఇవన్నీ చదవగలిగిన మనిషి ఒక్కరే ఉంటారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, బల్బు సిద్ధంగా ఉన్నా ఆ మనిషి లాప్‌టాప్ తెరిస్తే గాని గదిలో వెలుగు రాదు. ఊరెళితే పది నిమిషాలకోసారి ఇంటి నుంచి ఫోన్. ఇంతటి ప్రాధాన్యాన్ని ఒక్క తేలిక వాక్యంతో ఊడబెరకడం న్యాయమా?

ప్రమాదం ఇప్పటికే మొదలైంది. 2013లో హోమ్ అసిస్టెంట్ పుట్టినప్పుడు ఫైల్ తెరిచి రాయనిదే పని జరిగేది కాదు. ఇప్పుడు చాలావరకు తెర మీద నొక్కుకుంటూ పోతే సరిపోతోంది. 2022లో మ్యాటర్ ప్రమాణం వచ్చి, ఏ కంపెనీ పరికరమైనా కలిసి పనిచేస్తుందనేసరికి గుండె ఆగినంత పనైంది. అదృష్టవశాత్తూ, అందులో థ్రెడ్ అనే వైర్‌లెస్ నెట్‌వర్క్ మీద నడిచే రకానికి, దాన్ని ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే బోర్డర్ రౌటర్ అనేదొకటి కావాలని కొన్నాక తెలుస్తుంది. కాస్త పరువు దక్కింది.

సంస్కర్తలు కోరేది వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఏ గదిలో ఏ వస్తువు, ఎప్పటినుంచి, ఇప్పుడేం చేయాలి, ఈ నాలుగూ ముందు చెప్పి, మిగతా వివరాలు కావాలన్నవాళ్లకి కింద పెట్టాలట. అంటే "హాల్లో తలుపు సెన్సర్ నిన్న సాయంత్రం నుంచి పలకట్లేదు. బ్యాటరీ మార్చి చూడండి. కావలసింది సీఆర్2032" అని నిస్సిగ్గుగా రాసేయడం! ఆ అంకెల్లోనైనా 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం అన్న రహస్యం దాగి ఉందని సంతోషిద్దామంటే, పక్కన బొమ్మ కూడా వేస్తారట. అప్పుడిక ఇంటి నిపుణుడికి మిగిలేది స్టూలెక్కి బ్యాటరీ మార్చే పనే. అది కూడా, ఇంట్లో అందరికన్నా పొడుగైతేనే.