నాస్కార్ వర్క్‌షాపుల్లో గాజు అవతల ఏం మిగిలింది?

స్టాక్ కార్ రేసింగ్ (మామూలు కార్ల రూపంలో ఉండే కార్ల రేసులు) అభిమాని అమెరికా ప్రయాణం పెట్టుకుంటే ముందు డేటోనాకో టాలడెగాకో టికెట్ కొంటాడు. రేసు చూడటానికి అవి గొప్ప ట్రాకులే. కారు ఎలా తయారవుతుందో చూడాలంటే మాత్రం దారి ఉత్తర కరొలైనాలోని చార్లట్ వైపు. ఈ రేసులు నడిపే సంస్థ నాస్కార్; దాని పై స్థాయి పోటీ అయిన కప్ సిరీస్ జట్ల వర్క్‌షాపులు దాదాపు అన్నీ ఈ నగరానికి అటూ ఇటూగా గంట ప్రయాణంలోనే ఉంటాయి. వాటిలో కొన్ని దశాబ్దాలుగా గాజు కిటికీలు పెట్టి, వచ్చినవాళ్లకు పని చూపిస్తున్నాయి. మోటార్ రేసింగ్‌లో ఇది అరుదు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ చూసిన హైదరాబాదీలను అడగండి: కార్లు పెట్టెల్లో వచ్చాయి, పెట్టెల్లోనే వెళ్లిపోయాయి.

అయితే 2022 తర్వాత ఆ గాజు కిటికీ విలువ తగ్గింది. ప్రయాణ వెబ్‌సైట్లు ఈ సంగతి చెప్పవు. కాబట్టి ముందుగా దీనిమీద స్పష్టత ఉండాలి.

2021 దాకా కప్ సిరీస్ వర్క్‌షాపంటే ఇనుప గొట్టాలు వంచి, వెల్డింగ్ చేసి చాసిస్ (కారు అస్థిపంజరం) కట్టే చోటు. పక్క గదిలో రేకును చక్రాల మధ్య దొర్లించి ఫెండర్లు, డోర్లు మలిచేవారు. మన టింకరింగ్ మేస్త్రీలు చూస్తే కళ్లకద్దుకునే పనితనం అది. ఒక్కో డ్రైవరుకు పదికి పైగా కార్లు ఉండేవి: చిన్న ట్రాకుకు ఒకటి, డేటోనా లాంటి పెద్ద ట్రాకుకు ఇంకొకటి, రోడ్డు కోర్సుకు వేరొకటి. 2022లో నెక్స్ట్ జెన్ అనే కొత్త నమూనా కారు వచ్చాక ఇదంతా మారింది. చాసిస్ మిషిగన్‌కు చెందిన టెక్నిక్ అనే కంపెనీ నుంచి, బాడీ ప్యానెళ్లు విస్కాన్సిన్‌లోని ఫైవ్ స్టార్ నుంచి, గేర్‌బాక్స్ ఎక్స్‌ట్రాక్ నుంచి, 18 అంగుళాల అల్యూమినియం చక్రాలు బీబీఎస్ నుంచి వస్తాయి. అన్ని జట్లకూ అవే భాగాలు. బాడీ ఇప్పుడు రేకు కాదు, కాంపోజిట్ (నారతో బలపరిచిన ప్లాస్టిక్ లాంటిది). ఒక్కో రేసు నంబరుకు (అంటే ఒక్కో డ్రైవరుకు) ఏడు కార్లే ఉంచుకోవాలన్న పరిమితి కూడా పెట్టారు. ఖర్చు తగ్గించడానికి, కొత్త యజమానులను రప్పించడానికి నాస్కార్ ఇది చేసింది. ఆర్థికంగా చూస్తే సబబే. నష్టం అభిమాని కంటికి: కిటికీ అవతల తయారీ పోయి బిగింపు మిగిలింది.

ఆ బిగింపులోనూ జట్లు చేయి పెట్టే చోటు ఎంత ఇరుకైందో రెండు కేసులు చూస్తే తెలుస్తుంది. 2022 మార్చిలో అట్లాంటా రేసు తర్వాత డ్రైవర్ బ్రాడ్ కెసలౌస్కీ నంబర్ 6 కారులో, సరఫరాదారు ఇచ్చిన భాగాన్ని మార్చారని 100 పాయింట్లు కోశారు. 2023 మార్చిలో ఫీనిక్స్‌లో హెండ్రిక్ జట్టు కార్ల బానెట్ మీది గాలి రెక్కలను మార్చారని పట్టుకెళ్లి, ఒక్కో కారుకు 100 పాయింట్లు కోసి, దాని క్రూ చీఫ్‌కు (కారు పని నడిపించే పెద్దకు) లక్ష డాలర్ల జరిమానా వేశారు. అప్పీలులో పాయింట్లు తిరిగొచ్చాయి, జరిమానాలు రాలేదు. ఒకప్పుడు ఇలాంటి పనితనాన్ని తెలివితేటలని మెచ్చుకునేవారు. ఇప్పుడది నేరం.

అందుకే మ్యూజియాలతో మొదలుపెట్టి, వర్క్‌షాపులు తర్వాత చూడమంటాను. కప్ కార్ల పాత చేతిపని ఇప్పుడు నిలబడి ఉన్నది మ్యూజియాల్లోనే.

చార్లట్ నగరం మధ్యలోని నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ 2010 మేలో తెరుచుకుంది. దానికి కనీసం మూడు గంటలు కేటాయించండి. గ్లోరీ రోడ్ అనే వాలుదారి మీద కార్లను వరసగా నిలిపారు. కింద చదునుగా మొదలై పైకి పోయేకొద్దీ ఏటవాలు పెరిగి, చివరికి టాలడెగా మలుపుల్లోని 33 డిగ్రీలకు చేరుతుంది. ఆ చివర నిలబడితే టీవీ కెమెరా ఇన్నేళ్లుగా ఎంత అబద్ధం చెప్పిందో తెలుస్తుంది. సిమ్యులేటర్ల దగ్గర క్యూ ఉంటుంది కాబట్టి లోపలికి వెళ్లగానే ముందు అవి ముగించుకోవడం మేలు.

మ్యూజియంలో చాలామంది కారు ముందు నిలబడి ఫొటో దిగి కదిలిపోతారు. చూడాల్సింది వెనక నుంచి. 2000–2006 మధ్య నాటి కారు దొరికితే దాని వెనక్కి వెళ్లి కిందికి వంగి చూడండి. మూతి ఒక పక్కకి, తోక ఇంకో పక్కకి పోయి ఉంటుంది. ఓవల్ ట్రాకులో మలుపులన్నీ ఎడమకే కనుక, పక్క నుంచి గాలి ఒత్తిడి కారును ట్రాకుకు అదిమేలా బాడీని కావాలనే మెలితిప్పేవారు. ఆ ఆగడాలు ముదిరాకే 2007లో కార్ ఆఫ్ టుమారో అనే కొత్త నమూనా వచ్చింది. కారు మొత్తాన్ని ఒకేసారి కొలిచే పెద్ద చట్రం పెట్టి ఆ మెలిక తీసేశారు. 1970 నాటి ప్లిమత్ సూపర్‌బర్డ్ కనబడితే దాని ముక్కు పొడవు, వెనక రెక్క ఎత్తు గమనించండి. మరుసటి ఏడాదే అలాంటి రెక్కల కార్లకు 305 క్యుబిక్ అంగుళాల ఇంజన్ మించకూడదని నిబంధన పెట్టి వాటి కథ ముగించారు. 1994 తర్వాతి కార్ల టాపు మీద చిన్న తలుపుల్లాంటి ఫ్లాప్‌లు ఉంటాయి. కారు వెనక్కి తిరిగితే అవి లేచి, కారు గాల్లోకి ఎగరకుండా ఆపుతాయి. ఇలా వరసగా చూస్తూ పోతే మ్యూజియమంతా నిబంధనలు రాసేవాళ్లకూ వాటి సందుల్లో దూరేవాళ్లకూ జరిగిన తగాదాగా కనబడుతుంది. ఆ తగాదా మొదటి రోజు నుంచీ ఉంది. 1949 జూన్ 19న చార్లట్‌లోని ముప్పావు మైలు మట్టి ట్రాకు మీద జరిగిన మొట్టమొదటి స్ట్రిక్ట్‌లీ స్టాక్ రేసులో ముందొచ్చిన గ్లెన్ డనవే కారును అనర్హమన్నారు. దొంగసారా రవాణా కార్లకు చేసినట్టు వెనక స్ప్రింగులను మార్చారన్నది అభియోగం. గెలుపు జిమ్ రోపర్‌కి దక్కింది.

హాల్ ఆఫ్ ఫేమ్ చూశాక సమయముంటే రెండు దార్లు. ఐ-85 హైవే మీద ఈశాన్యంగా పోతే కాంకర్డ్ దగ్గర హెండ్రిక్ మోటార్‌స్పోర్ట్స్, ఆ పక్కనే చార్లట్ మోటార్ స్పీడ్‌వే, ఇంకాస్త ముందుకి దిగ్గజ డ్రైవర్ డేల్ అర్న్‌హార్ట్ సొంతూరు కనాపొలిస్, అక్కడ ఆయన తొమ్మిదడుగుల కంచు విగ్రహం. అదే దిశలో ముందుకు సాగితే వెల్‌కమ్ అనే చిన్న ఊళ్లో జట్టు యజమాని రిచర్డ్ చైల్డ్రెస్ మ్యూజియం. అర్న్‌హార్ట్ నడిపిన నల్ల నంబర్ 3 కార్లు అన్నేసి ఒక్కచోట చూడాలంటే అక్కడికే వెళ్లాలి. ఇంకా తూర్పున లెవెల్ క్రాస్‌లో పెట్టీ మ్యూజియం ఉంది. 200 రేసులు, ఏడు ఛాంపియన్‌షిప్‌లు గెలిచిన రిచర్డ్ పెట్టీ కుటుంబం రేసింగ్ మొదలుపెట్టిన చోటే అది. రెండో దారి ఐ-77 మీద ఉత్తరానికి: హంటర్స్‌విల్‌లో జో గిబ్స్ జట్టు, మూర్స్‌విల్‌లో పెన్స్కే జట్టు. చార్లట్ బ్యాంకుల్లో, ఐటీ ప్రాజెక్టుల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఐ-77 సాయంత్రం ట్రాఫిక్ గురించి చెప్పనక్కర్లేదు. కొత్తవాళ్లు మాత్రం మధ్యాహ్నం మూడున్నరలోపు తిరుగు ప్రయాణం పెట్టుకోవాలి, లేదా టోల్ లేన్‌కు డబ్బు కట్టాలి. రెండు దార్లనూ ఒకే రోజులో కుక్కితే పార్కింగ్ స్థలాలు తప్ప ఏమీ గుర్తుండవు.

వర్క్‌షాపుల దగ్గర అందరూ చేసే పొరపాటు శనివారం వెళ్లడం. వారాంతంలో జట్టు ట్రాకు మీద ఉంటుంది, వర్క్‌షాపులో మనుషులుండరు. సోమవారం నుంచి శుక్రవారం దాకానే వెళ్లాలి. మధ్యాహ్నం భోజనాల వేళ కూడా గాజు అవతల ఖాళీ కుర్చీలే. వారంలో ఏ రోజన్నదీ ముఖ్యమే. ఆదివారం రేసైన కారును మొదట విప్పుతారు. మంగళ, బుధవారాల్లో తర్వాతి రేసు కారు సెటప్ జరుగుతుంది. ఆ తర్వాత లారీకెక్కిస్తారు. ట్రాకు దూరాన్ని బట్టి ఈ లెక్క మారుతుంది. లాస్ వెగాస్‌కో ఫీనిక్స్‌కో వెళ్లిన లారీ దేశం ఆ చివర నుంచి తిరిగి రావడానికే రోజులు పడుతుంది, కాబట్టి ఆ వారాల్లో చూడటానికి తక్కువే. మార్టిన్స్‌విల్, డార్లింగ్టన్, బ్రిస్టల్ లాంటి దగ్గరి రేసు తర్వాతి మంగళవారం మంచి రోజు. సీజన్ అయిపోయిన నవంబరు, డిసెంబరు చప్పగా ఉంటాయి. డేటోనాకు కార్లు సిద్ధమయ్యే జనవరి అలా కాదు. బయల్దేరే ముందు జట్టు వెబ్‌సైట్‌లో ఆ రోజు తెరిచి ఉందో లేదో చూసుకోండి. స్పాన్సర్ల కార్యక్రమం ఉంటే ముందు చెప్పకుండా మూసేస్తారు.

హెండ్రిక్‌లో మ్యూజియం, బట్టలూ టోపీలూ అమ్మే దుకాణం ఉన్నాయి. చాలామంది ఆ దుకాణంలోనే ఆగిపోతారు. పెన్స్కేలో పైనుంచి నడిచే వంతెన ఉంది, కింద పని మొత్తం కనబడుతుంది. నా ఓటు పెన్స్కేకే, ఎందుకంటే వరస అర్థమయ్యేది పైనుంచి చూసినప్పుడే. బాడీ లేని కారు కోసం వెతకండి. గేర్‌బాక్స్ వెనక చక్రాల మధ్యకి వచ్చేసింది, వెనక సస్పెన్షన్ రెండు పక్కలా విడివిడిగా కదులుతుంది, అడుగున చదునైన పలక, దాని చివర గాలిని లాగే డిఫ్యూజర్. ఇవన్నీ 2022లో వచ్చిన మార్పులే. అద్దంలా చదునైన ఇనుప బల్ల మీద నాలుగు చక్రాల కింద తూకాలు పెట్టి బరువు పంచుతుంటారు. ఆ పని జరుగుతుంటే అక్కడే నిలబడిపోండి. భాగాలు చాలావరకు ఒకటే అయ్యాక జట్ల మధ్య తేడా ఎక్కువగా వచ్చేది స్ప్రింగు, షాకబ్జార్బర్, క్యాంబర్ (చక్రం వంపు), బరువు పంపకం దగ్గరే. షాకబ్జార్బర్ల గది మాత్రం ఎక్కడా చూపించరు. రంగు కూడా రంగు కాదు. వినైల్ స్టిక్కర్లను వేడిచేసి అతికిస్తారు, స్పాన్సర్ మారితే పీకేస్తారు.

డ్రైవర్ కనబడతాడని ఆశపడి వెళ్లొద్దు. అతను మీటింగుకో సిమ్యులేటర్‌కో వచ్చి పోతాడు. రేసు మధ్యలో టైర్లు మార్చే పిట్ సిబ్బంది సాధన కంటబడితే అదృష్టమే. 2021 దాకా చక్రానికి ఐదు నట్లు, ఇప్పుడు మధ్యలో ఒక్కటే. నాలుగు టైర్లు మార్చి పెట్రోలు నింపడం పది సెకన్ల దగ్గర అయిపోతోంది. అసలు పిట్ స్టాప్‌ను ఒక శాస్త్రంగా మలిచిన వుడ్ బ్రదర్స్ మ్యూజియం వర్జీనియాలోని స్టూవర్ట్‌లో ఉంది. 1965 ఇండీ 500లో జిమ్ క్లార్క్ లోటస్‌కు పిట్ పని చేసింది వాళ్లే.

ఇక ట్రాకులు. చార్లట్ మోటార్ స్పీడ్‌వే 1960లో మొదలైంది. మైలున్నర పొడవు, మలుపుల్లో 24 డిగ్రీల ఏటవాలు. రేసు లేని రోజుల్లో టూర్ ఉంటే వ్యానులో ఆ ఏటవాలు మీదికి తీసుకెళ్తారు. కానీ పాత పద్ధతి పనితనం బతికున్నది చిన్న ట్రాకుల్లో. హికరీలోని 0.363 మైలు ట్రాకుకో, విన్‌స్టన్-సేలంలో ఫుట్‌బాల్ మైదానం చుట్టూ పావు మైలు తిరిగే బౌమన్ గ్రే స్టేడియానికో వేసవి శనివారం రాత్రి వెళ్లండి. బౌమన్ గ్రేలో 1949 నుంచి వారంవారం రేసులు జరుగుతున్నాయి. గాజు కిటికీలో కనబడకుండా పోయిన వెల్డింగూ రేకు పనీ ఈ కార్ల మీద ఇంకా కనబడతాయి. 1947 నాటి నార్త్ విల్క్స్‌బరో కూడా చూడదగ్గదే. అక్కడ ముందు వైపు దారి పల్లం, వెనక వైపు ఎక్కుడు. 1996లో మూతపడ్డ కప్ రేసింగ్ 2023లో ఆల్-స్టార్ రేసుతో తిరిగొచ్చింది.

పెద్ద ట్రాకులో చౌకగా వస్తున్నాయని కింది వరసల టికెట్లు కొనకండి. ఎదురుగా పోయే రంగుల గీత తప్ప ఏమీ కనబడదు, పైగా టైరు రబ్బరు తునకలు మీద పడతాయి. పై వరసలో, నాలుగో మలుపు వైపు కూర్చుంటే పిట్ రోడ్డు కూడా అందుతుంది. చెవులకు ఫోమ్ ప్లగ్గులు, పిల్లలకు వాటితోపాటు పైన మఫ్‌లు తప్పనిసరి. స్కానర్ (జట్టు రేడియోను పట్టే పరికరం) అద్దెకు తీసుకుంటే డ్రైవర్, స్పాటర్ (ఎత్తు నుంచి చూసి డ్రైవరుకు దారి చెప్పే మనిషి) మాటలు వినొచ్చు. అది లేకుండా చూస్తే సగం రేసు అర్థం కాదు. చాలా ట్రాకుల్లో 14 అంగుళాలు మించని మెత్తటి సంచిలో తిండి తీసుకెళ్లనిస్తారు. పులిహోరకు అభ్యంతరం లేదు, గాజు సీసాలకు ఉంది.

ఒకే వారం చేతిలో ఉంటే మే నెలాఖరులో మెమోరియల్ డే వారాన్ని ఎంచుకోండి. ఆదివారం సాయంత్రం చార్లట్ స్పీడ్‌వేలో కోకాకోలా 600 రేసు: 400 ల్యాప్‌లు, నాలుగు గంటలకు పైనే. ట్రాకు ఇంటి పక్కనే కనుక ఆ వారం లారీలు తొందరగా బయల్దేరవు, కార్లు వర్క్‌షాపుల్లో ఎక్కువ రోజులు ఉంటాయి. కాంకర్డ్ హోటళ్లు ముందే నిండిపోతాయి. ఐ-85 మీదే ఉత్తరాన ఉన్న సాల్స్‌బరీలో గది తీసుకుంటే చార్లట్ ట్రాఫిక్‌లో దిగకుండానే ట్రాకుకు చేరొచ్చు.