సవరణ: మావయ్య నడుం నొప్పి పోస్టులో నా తప్పు

మొన్న ఆదివారం మా మావయ్య గురించి రాస్తూ, "నడుం 4, 5 పూసల మధ్య డిస్కు జారి వెన్నుపాము నలిగింది" అన్నాను. తప్పు. మద్దిలపాలెంలో ఉండే మా ఫిజియోథెరపిస్టు అక్క ఫోన్ చేసి మరీ చీవాట్లు పెట్టింది. పెద్దవాళ్లలో వెన్నుపాము అంత కిందిదాకా రాదట; మామూలుగా నడుం 1, 2 పూసల దగ్గరే ఆగిపోతుంది. అక్కణ్నుంచి దిగేవి నరాల వేర్లు, జడ విప్పి వదిలేసినట్టు. డాక్టర్లకి అది గుర్రపు తోకలా కనిపించింది, కాడా ఈక్వైనా అని పేరు పెట్టారు. మావయ్యకి నొక్కుకుపోయింది అందులో ఒక వేరు. పిర్ర నుంచి పిక్క పక్కగా బొటనవేలిదాకా ఒక కాలే లాగేస్తోంది అందుకే. సింహాచలం మెట్ల దగ్గర మొన్న కూలబడిపోయిందీ అందుకే.

అసలు పెద్ద తప్పు ఇంకోటుంది. "ఏ తిమ్మిరైనా 2 వారాలు చూడొచ్చు" అన్న వాక్యం తీసేశాను. రెండు కాళ్లూ పట్టు తప్పినా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, మూత్రం బిగిసినా ఆగకూడదు. ఎమ్మారై తీసి, అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేస్తారు. అర్ధరాత్రయినా సరే, విశాఖలో ఉంటే కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకి వెళ్లిపోండి. పాత పోస్టు షేర్ చేసినవాళ్లు ఇదీ పంపండి, ప్లీజ్.