సవరణ: భారతమాత కట్టినది కాషాయం

అవనీంద్రనాథ్ ఠాగూర్ 1905లో వేసిన ‘భారతమాత’ గురించి నిన్నటి పోస్టులో రెండు తప్పులు రాశాను. అది తైలవర్ణ చిత్రం కాదు, నీటిరంగుల చిత్రం. అంతకన్నా పెద్ద తప్పు బట్టల విషయంలో జరిగింది. ఎర్రంచు తెల్లచీర అన్నాను. నిజానికి ఆమె ఒంటిమీద ఉన్నది సాధ్వులు కట్టే కాషాయ వస్త్రం.

ఈ తేడా చిన్నది కాదు. ఎర్రంచు చీరలో ఆమె బెంగాలీ ఇల్లాలిగానే కనిపించేది (ఆయన మొదట బంగమాతగానే అనుకున్నారు కూడా). కాషాయం ఏ ఒక్క ప్రాంతానికీ చెందదు. నాలుగు చేతుల్లో పుస్తకం, వరికంకులు, జపమాల, తెల్లని బట్ట ఉంటాయి. స్వదేశీ ఉద్యమం రోజుల్లో ఆ బట్టముక్కకు ఎంత విలువో! రంగు పూసి, నీటితో కడిగి, మళ్లీ పూసే వాష్ పద్ధతి వల్లే ఆ కాషాయం అంత పలచగా, వెలుగులా కనిపిస్తుంది. పాత పోస్టులో రెండూ సరిచేశాను.