బరువులు మోసిన ఓడ

అమెరికాలోని ఎవాన్స్‌విల్ నగరం సముద్రానికి వందల మైళ్ల దూరాన, ఒహాయో నది ఒడ్డున ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆ ఊళ్లోని యార్డు ట్యాంకులు మోసే నౌకలు 167 కట్టి, నది మీదుగా కడలికి పంపింది. ఇప్పుడు అక్కడి రేవులో ఉన్న ఎల్‌ఎస్‌టీ-325 (ఎల్‌ఎస్‌టీ అంటే ల్యాండింగ్ షిప్ ట్యాంక్, తీరంలో ట్యాంకులు దించే నౌక) మాత్రం ఆ యార్డు బిడ్డ కాదు. 1942 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో జలప్రవేశం చేసిన ఓడ అది. యుద్ధంలో అమెరికా ఇలాంటివి వెయ్యికి పైగా కట్టింది. వాటిలో ఆ దేశంలో యుద్ధకాలపు రూపంతోనే నేటికీ సొంత ఇంజన్లతో నడవగలిగేది ఇదొక్కటే. ఏటా నది వెంట ఊరూరా ఆగి, సందర్శకులకు తలుపులు తెరిచి తిరిగివస్తుంది.

ఈ ఓడలో చెప్పుకోదగ్గ ఫిరంగులు లేవు, వేగమూ లేదు. పదీ పన్నెండు నాట్ల వేగం, అంటే గంటకు ఇరవై కిలోమీటర్లు, అందుకుంటే గొప్ప. శత్రువుకు ఇంతకన్నా సులువైన గురి ఉండదని దాని నావికులే ఎగతాళి చేసేవారు. దాని గొప్పతనమంతా అడుగు భాగంలో ఉంది. నడిసముద్రంలో తొట్లలో నీరు నింపుకుని లోతుగా కూర్చుంటుంది. తీరం దగ్గరపడగానే ఆ నీటిని తోడేసి తేలికవుతుంది. ఒడ్డుకు కొంత దూరంలోనే వెనక లంగరు జారవిడిచి, ముక్కును ఇసుకలోకి దూరుస్తుంది. ముందు తలుపులు తెరుచుకుంటాయి, వాలుబల్ల దిగుతుంది, ట్యాంకులు తమంతట తామే నేలమీదికి నడిచిపోతాయి. తిరిగి వెళ్లేటప్పుడు ఆ వెనక లంగరు తాడునే చుట్టుకుంటూ ఓడ తనను తాను ఇసుకలోంచి లాక్కుంటుంది. జాన్ నీడర్‌మేయర్ అనే నౌకా రూపశిల్పి 1941 నవంబరులో గీసిన చిత్తుబొమ్మకు ఉక్కు రూపమిది.

పేరు లేని ఓడ. అంకె తప్ప గుర్తింపు లేదు. అలాంటి ఓడలు చాలకపోవడం వల్లనే 1944లో దక్షిణ ఫ్రాన్సు మీద దండయాత్ర ఆగస్టు దాకా వెనక్కి జరిగింది. మహా సేనాపతుల వ్యూహాలు ఈ మోతగాళ్ల లెక్క చూసుకుని మారిన సందర్భాలు చరిత్ర పుస్తకాల్లో ఒకటి రెండు వాక్యాలకు మించవు.

325 సేవాచరిత్ర ఇటలీలోని సిసిలీ, సలెర్నో దాడులతో మొదలైంది. 1944 జూన్ 7న, అంటే తొలి దాడి మర్నాడు, ఫ్రాన్సులోని నార్మండీలో ఒమాహా తీరానికి చేరింది. ఆటు వచ్చాక నీళ్లన్నీ వెనక్కిపోయి, పొడి ఇసుక మీద నిలబడి సరుకు దించుతున్న 325 ఫొటో నేటికీ ఉంది. తర్వాతి నెలల్లో ఇంగ్లండ్, ఫ్రాన్సుల మధ్య నలభైకి పైగా ట్రిప్పులు వేసింది. ఇలాంటి ఓడలు వెళ్లేటప్పుడు వాహనాలను మోసి, వచ్చేటప్పుడు క్షతగాత్రులను తెచ్చేవి. అదే ఏడాది డిసెంబరు 28న దాడికి గురై మునిగిపోతున్న ఎంపైర్ జావెలిన్ అనే సైనిక రవాణా నౌక నుంచి 325 దాదాపు 700 మందిని కాపాడింది. ఐరోపాలో యుద్ధం ముగిశాక 1945 మేలో స్వదేశానికి వస్తుండగా, అట్లాంటిక్ తుపానులో ప్రధాన డెక్ అడ్డంగా పగిలింది. సిబ్బంది ఆ పగులు మీద ఉక్కు ముక్కలు వెల్డింగ్ చేసి ఓడను ఒడ్డుకు చేర్చారు. శత్రువు చేయలేని పని సముద్రం దాదాపు చేసేసింది.

ఆ తర్వాత కొన్నేళ్లు ఉత్తర ధ్రువ ప్రాంతంలో రాడార్ కేంద్రాలకు సామగ్రి మోసింది. 1964లో గ్రీస్ చేతికి వెళ్లి సైరోస్ పేరుతో 1999 వరకు పనిచేసింది. అది బతికిబట్టకట్టడానికి అసలు కారణం ఇదే: ఎవరికో ఒకరికి దానితో పని పడుతూనే ఉంది. చివరికి అమెరికన్ మాజీ నావికులు, సగటు వయసు డెబ్బై దాటినవారు, క్రీట్ దీవిలో దాన్ని స్వయంగా బాగు చేసుకుని 2000 చివర్లో బయల్దేరారు. ముప్పైమందికి లోపే సిబ్బందితో సుమారు 6,500 మైళ్లు దాటి 2001 జనవరి 10న అలబామాలోని మొబైల్ రేవు చేరారు. వద్దని వారించినవారు తక్కువేమీ కాదు.

మన దగ్గర సంగతేమిటి? బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టిన ఇలాంటి ట్యాంకు నౌకే 1949లో ఐఎన్‌ఎస్ మగర్‌గా మనకు చేరింది. అదే పేరుతో కోల్‌కతాలో కట్టిన రెండో మగర్ 1987లో కొలువుకెక్కింది. 2020 కరోనా కాలంలో మాల్దీవుల్లో చిక్కుకున్న మనవాళ్లను తీసుకొచ్చిన ఓడల్లో అదొకటి. 2023 మేలో కొచ్చిలో సెలవు తీసుకుంది. వీటి గురించి ఎంతమందికి తెలుసు?

పెద్ద పేర్ల వెంటే మన పరుగు. 1971 యుద్ధంలో బంగాళాఖాతాన్ని ఏలిన విమానవాహక నౌక, పాత విక్రాంత్, 2014లో తుక్కు కింద పోయింది. మరో విమానవాహక నౌక విరాట్‌ను విశాఖలో ప్రదర్శనశాలగా నిలుపుతామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉత్సాహపడింది. వందల కోట్ల ఖర్చు లెక్క తేలాక ఆ మాట చల్లారింది. తర్వాత మహారాష్ట్ర ప్రయత్నమూ అంతే. 2020లో విరాట్ గుజరాత్‌లో ఓడలను తుక్కు చేసే అలంగ్ చేరింది. ప్రకటనలకు లోటు రాలేదు, డబ్బుకే వచ్చింది. 226 మీటర్ల విమానవాహక నౌకను నిలపడం, నిలబెట్టాక ఏటా దాని తుప్పుతో పోరాడటం రాష్ట్ర ప్రభుత్వాలకు అలవికాని పని అని మొదటే గ్రహించాల్సింది.

విశాఖ చేసి చూపిన ఉదాహరణ కళ్లముందే ఉంది. 2001లో విరమించిన కురుసుర జలాంతర్గామి మరుసటి ఏడాదికల్లా రామకృష్ణా బీచ్‌లో ప్రదర్శనశాలగా మారింది. నగరానికి వచ్చిన తెలుగు కుటుంబాల్లో దాని ఇరుకు దారిలో తల వంచుకుని నడవనివి అరుదు. దాని పొడవు 91 మీటర్లు. ఎల్‌ఎస్‌టీ-325 పొడవు సుమారు 100. ఈ కొలతల్లో ఓడనైతే ఒక నగరం సాకగలదు. పైగా ట్యాంకు నౌక లోపలంతా ఒక పెద్ద హాలు. ప్రదర్శనలకు, పిల్లల తరగతులకు కొత్తగా గోడలు కట్టనక్కర్లేదు.

రెండో మగర్ తరగతికే చెందిన ఘరియాల్ నౌక హల్ (అసలు కట్టడం) విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో తయారైంది. 1997లో నౌకాదళంలో చేరింది. కురుసుర కన్నా పెద్దదే, విరాట్‌తో పోలిస్తే సగానికి అటూ ఇటూ. ఎప్పుడో ఒకప్పుడు దానికీ సెలవు తప్పదు. ఎక్కడ నిలపాలి, ఏటా మరమ్మతులకు ఎంత, టికెట్టు సొమ్ము ఎంత వస్తుంది, లోటు ఎవరు భరించాలి అన్న ప్రశ్నలు అప్పుడు ఎత్తితే అలంగ్ దారి తప్ప మరొకటి కనిపించదు. నౌకాదళం, షిప్‌యార్డు, పోర్టు, రాష్ట్ర పర్యాటక శాఖ ఒక బల్ల చుట్టూ కూర్చోవడానికి వీడ్కోలు తేదీ ఖరారయ్యేదాకా ఆగనక్కర్లేదు. విశాఖ కార్మికుల చేతుల మీదుగా తయారైన ఓడ గనుక, ఆ పిలుపు రాష్ట్ర ప్రభుత్వం నుంచి వెళ్లాలి.